ఇంట్లో ఆక్సిజన్: సిలిండరా, మిషనా, రెండూనా?

డిశ్చార్జి కాగితంలో "ఇంట్లో ఆక్సిజన్, నిమిషానికి 2 లీటర్లు" అని ఒక్క ముక్క రాసి డాక్టరుగారు సంతకం పెట్టేస్తారు. ఆ రెండు లీటర్లు ఎక్కడి నుంచి రావాలన్న టెన్షన్ ఇంటివాళ్లది. నెల్లూరు పొగతోటలోనో ఒంగోలులోనో మెడికల్ షాపుకెళ్తే ఒకరు సిలిండర్ అంటారు, ఇంకొకరు గాలి నుంచి ఆక్సిజన్ తీసే మిషన్ (కాన్‌సన్‌ట్రేటర్) అంటారు. ఫోన్ తెరిస్తే భుజానికి తగిలించుకునే బుల్లి మిషన్ల ప్రకటనలు వరసగా వస్తాయి.

మన నెల్లూరు, ప్రకాశం వైపు ఈ అవసరం పడేవాళ్లు తక్కువేం కాదు. ఏళ్ల తరబడి బీడీ, చుట్ట కాల్చినవాళ్లు, కట్టెల పొయ్యి పొగలోనే జీవితమంతా వండిన ఆడవాళ్లు, చీమకుర్తి గ్రానైటు దుమ్ములోనో మార్కాపురం పలకల గనుల్లోనో పనిచేసి ఊపిరితిత్తులు గట్టిపడినవాళ్లు, న్యుమోనియా వచ్చి తగ్గాక కొన్నాళ్లు ఆక్సిజన్ మీద ఉండాల్సినవాళ్లు. వీళ్లందరికీ ఒకే సలహా పనికిరాదు. కానీ మొదటి ప్రశ్న మాత్రం అందరికీ ఒకటే: కరెంటూ రోడ్డూ రెండూ పోయిన రాత్రి ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుంది? బ్రాండు సంగతి ఆ తర్వాత.

అసలు అవసరమా, ఎంత కాలం?

ఆయాసం వేరు, రక్తంలో ఆక్సిజన్ తగ్గడం వేరు. రక్తహీనత ఉన్నా, గుండె బలహీనంగా ఉన్నా ఆయాసం వస్తుంది. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, బాగున్న మనిషికి ఆక్సిజన్ పెట్టినా ఆ ఆయాసం పెద్దగా తగ్గదు. పొగ వల్ల ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ రోగికి దీర్ఘకాలం ఆక్సిజన్ రాయడానికి డాక్టర్లు చూసే గీత ఒకటుంది. కదలకుండా కూర్చున్నప్పుడు సాచురేషన్ 88 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, లేదా ఏబీజీ అనే, ధమని నుంచి తీసే రక్తపరీక్షలో ఆక్సిజన్ పీడనం 55 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. గుండె కుడివైపు మీద భారం పడినట్టు తెలిస్తే ఆ పీడనం 59 వరకూ ఉన్నా ఒప్పుకుంటారు. అలాంటివాళ్లు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు తేల్చాయి. ఇప్పటికీ ఆ 15 గంటలే లెక్క. ఆయాసం వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టుకుని తీసేస్తే ఆ ప్రయోజనం దక్కదు.

రెండోది, ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు రాసిన ఆక్సిజన్ శాశ్వతం కానక్కర్లేదు. న్యుమోనియా లాంటిది తగ్గాక రెండు మూడు నెలల్లో మళ్లీ పరీక్ష చేస్తే అవసరం లేదని తేలేవాళ్లు ఉంటారు. డిశ్చార్జి రోజు కంగారులోనే యాభై వేలు పెట్టి మిషన్ కొనేయొద్దనడానికి ఇదే కారణం.

షాపుకు వెళ్లే ముందు తేల్చుకోవాల్సినవి

డాక్టరుగారి దగ్గర నాలుగు ముక్కలు కాగితం మీద రాయించుకోండి: నిమిషానికి ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు, నడిచేటప్పుడూ నిద్రలోనూ అదే లెక్కా వేరా, సాచురేషన్ ఎంత నుంచి ఎంత మధ్య ఉండాలి. చాలామంది మొదటిది ఒక్కటే తెలుసుకుని బయటపడతారు. నాలుగోది తెలియకపోతే వచ్చే ప్రమాదం పెద్దది, దాని సంగతి కిందికి చెప్తాను.

మిగతావి మీ ఇంటి సంగతులు. కరెంటు రోజుకు ఎంతసేపు పోతుంది, లో వోల్టేజ్ ఉందా? సిలిండర్ నింపి ఇచ్చే షాపు ఎంత దూరం, ఆదివారం రాత్రి ఫోన్ చేస్తే ఎత్తుతాడా? ఇంట్లో బరువు ఎత్తగలిగే మనిషి ఉన్నాడా, లేక ఇద్దరు ముసలివాళ్లేనా? సిలిండర్ మీది గేజ్ (ఒత్తిడి చూపే మీటరు) చూసి చదవగలిగేది ఎవరు? పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండి అమ్మానాన్నలే ఊళ్లో ఉండే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. అలాంటి ఇంటికి ఎంత మంచి మిషన్ అన్నదాని కంటే ఎంత తేలిగ్గా వాడొచ్చు అన్నదే ముఖ్యం.

ఇప్పుడు లెక్క. నిమిషానికి 2 లీటర్లు, రోజుకు 15 గంటలు అంటే రోజుకు 1,800 లీటర్ల ఆక్సిజన్. చిన్న సిలిండర్‌లో, అంటే బి టైప్‌లో, పట్టేది దాదాపు 1,500 లీటర్లు. పెద్దదైన డి టైప్‌లో దాదాపు 7,000 లీటర్లు. బి టైప్ పన్నెండున్నర గంటల్లో అయిపోతుంది. డి టైప్ నాలుగు రోజులకు కొంచెం తక్కువగా వస్తుంది. నెలకు చూస్తే చిన్నవి 36, లేదా పెద్దవి 8. ఈ ఒక్క లెక్క వేస్తే సగం మందికి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒక చూపులో

| చూడాల్సింది | బి టైప్ సిలిండర్ | డి టైప్ సిలిండర్ | 5 లీటర్ల మిషన్ | భుజాన వేసుకునే మిషన్ |
|---|---|---|---|---|
| 2 లీటర్ల మీద ఎంతసేపు | 12 గంటల పైన | 58 గంటలు | కరెంటు ఉన్నంతసేపు | బ్యాటరీ మీద కొన్ని గంటలు |
| కరెంటు | అక్కర్లేదు | అక్కర్లేదు | తప్పనిసరి | చార్జింగుకు కావాలి |
| కదపడం | ఒక మనిషి చాలు | ట్రాలీ ఉన్నా ఇద్దరు కావాలి | చక్రాల మీద గదులు మారుతుంది | చేతిలో పట్టుకుని నడవొచ్చు |
| శబ్దం | దాదాపు ఉండదు | దాదాపు ఉండదు | ఆగకుండా గుయ్‌మంటుంది | తక్కువ |
| తరచూ అయ్యే ఖర్చు | ప్రతి రీఫిల్, ఆటో కిరాయి | రీఫిల్, బండి కిరాయి | కరెంటు బిల్లు, ఫిల్టర్లు | బ్యాటరీ మార్పిడి |
| ఎవరికి | బ్యాకప్, ఆసుపత్రి ప్రయాణం | తుఫాను బ్యాకప్ | రోజూ ఎక్కువ గంటలు వాడేవాళ్లు | బయట తిరిగేవాళ్లు |

ద్రవ ఆక్సిజన్ మన దగ్గర ఆసుపత్రి ట్యాంకుల వరకే. ఇంటి లెక్కలోకి అది రాదు.

సిలిండర్

దీని బలం ఒక్కటే, కానీ గట్టిది: కరెంటుతో పనిలేదు, వాల్వ్ తిప్పితే వస్తుంది. బలహీనత కూడా అందులోనే ఉంది, అయిపోతుంది. ఎంత మిగిలిందో తెలుసుకునే లెక్క ఇంట్లో అందరికీ నేర్పండి. గేజ్ బార్‌లో చూపించే అంకెను సిలిండర్ నీటి కొలతతో (ఖాళీ సిలిండర్‌లో ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో అదే) గుణిస్తే మిగిలిన లీటర్లు వస్తాయి. బి టైప్ నీటి కొలత దాదాపు 10 లీటర్లు, డి టైప్‌ది దాదాపు 46. గేజ్ 150 దగ్గరుంటే బి టైప్ నిండుగా ఉన్నట్టు. 60కి వస్తే 600 లీటర్లు, అంటే 2 లీటర్ల మీద ఐదు గంటలు. పూర్తిగా సున్నాకు రానివ్వకుండా 20 దగ్గరే మార్చేయండి.

మెడికల్ ఆక్సిజన్ సిలిండర్ ఒళ్లు నలుపు, మెడ దగ్గర భుజం తెలుపు. మొత్తం నల్లగా ఉంటే అది పరిశ్రమలది. ఇది ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మన తీరంలో రొయ్య పిల్లల హేచరీలు ఉన్నాయి, సీడ్ ప్యాకింగుకు అక్కడ ఆక్సిజన్ సిలిండర్లు ఎప్పుడూ ఉంటాయి. ప్రతి ఊళ్లోనూ వెల్డింగ్ షాపు ఉంటుంది. "తెలిసినవాడే, ఒకటి తెచ్చుకుందాం" అనిపిస్తుంది. ఆ సిలిండర్ లోపల తుప్పు ఉందో, నూనె తడి ఉందో, ఇంతకుముందు అందులో ఏం నింపారో ఎవరూ చూసి ఉండరు. మెడికల్ ఆక్సిజన్ మన దేశంలో చట్టం ప్రకారం మందు కిందే లెక్క. లైసెన్సు ఉన్న షాపులో బిల్లుతో తీసుకోండి. సిలిండర్ మీద చెక్కిన ప్రెషర్ పరీక్ష తేదీ కూడా చూడండి, గడువు దాటితే వద్దనండి. రెగ్యులేటర్ సరిపోతుందో లేదో షాపులోనే బిగించి, తెరిచి, బుస్సుమని లీకు లేదని చూసుకుని తెచ్చుకోవాలి. ఇంటికొచ్చాక స్పానర్ కనపడక వెతుక్కునేవాళ్లు ఎందరో. దాన్ని తాడుతో సిలిండర్‌కే కట్టేయండి.

ఆన్‌లైన్లో దొరికే స్ప్రే డబ్బా లాంటి ఆక్సిజన్ క్యాన్ల సంగతి అడుగుతుంటారు. ఒక్కో దాంట్లో ఉండేది పది లీటర్లు అటూ ఇటూ. 2 లీటర్ల మీద ఐదారు నిమిషాలు. రోగికి అది బ్యాకప్ కాదు, డబ్బు దండగ.

మిషన్, అంటే కాన్‌సన్‌ట్రేటర్

ఇది ఆక్సిజన్ నిల్వ పెట్టుకోదు. గదిలో గాలినే పీల్చి, జియోలైట్ గుళికల గుండా పంపి, నైట్రోజన్ను పట్టేసి, 90 నుంచి 96 శాతం స్వచ్ఛతతో ఆక్సిజన్ బయటికి ఇస్తుంది. రీఫిల్ గొడవ ఉండదు. రోజుకు 15 గంటలు వాడాల్సినవాళ్లకు దీన్ని మించిన దారి లేదు.

కానీ కరెంటు. 5 లీటర్ల మిషన్ దాదాపు 350 వాట్లు లాగుతుంది. 15 గంటలకు ఐదు యూనిట్ల పైన, నెలకు 160 యూనిట్లు. రాత్రీ పగలూ నడిపితే 250. యూనిట్లు మాత్రమే చూసి ఊరుకోకండి, ఇంటి మొత్తం వాడకం పై స్లాబులోకి పోతుంది కాబట్టి బిల్లు మీరనుకున్న దానికంటే ఎక్కువే వస్తుంది. కొనే ముందు పాత బిల్లు తీసి ఒకసారి లెక్కేసుకోండి. బిల్లుకు భయపడి గంటలు తగ్గించేసేవాళ్లు ఉన్నారు. అలా చేసేటట్టయితే మిషన్ కొన్న డబ్బు కూడా వృథానే.

ఇన్వర్టర్ ఉందిలే అనుకోవద్దు. 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు ఈ మిషన్ ఒక్కదాన్నే మూడు గంటలు నడిపితే గొప్ప. ఫ్యాన్లు, లైట్లు కూడా దాని మీదే ఉంటే రెండు. ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది అయితేనే మిషన్ మోటారుకు మంచిది. ఊళ్లలో సాయంత్రం లో వోల్టేజ్ ఉంటే స్టెబిలైజర్ తప్పదు. రొయ్యల చెరువుల వాళ్లకు డీజిల్ జనరేటర్లు ఉంటాయి, మంచి ఆసరానే. కాకపోతే జనరేటర్ను వసారాలోనో కిటికీ కిందో పెట్టి నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తే రోగికే కాదు, అందరికీ ప్రాణాంతకం.

ఎండ సంగతి బ్రోచర్లలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలా మిషన్లు 35 నుంచి 40 డిగ్రీల వరకే సరిగ్గా పనిచేసేటట్టు తయారవుతాయి. రోహిణి కార్తెలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం ఎంత ఉంటుందో మనకు తెలుసు. మిషన్ వేడెక్కి అలారం కొట్టి ఆగిపోతుంది. ఇంట్లో చల్లటి గది ఏదో అందులో పెట్టండి. గోడకూ కర్టెన్లకూ అడుగు దూరం వదలండి, మీద గుడ్డ కప్పొద్దు. వంటింటి పొగ, సాంబ్రాణి పొగ పీల్చే చోట అసలు వద్దు. బయటి ఫిల్టర్ వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. చీమకుర్తి చుట్టుపక్కల దుమ్ము ఎక్కువ ఊళ్లలో వారానికి రెండుసార్లు.

శబ్దం గురించి ఒక మాట. రాత్రంతా మంచం పక్కన గుయ్‌మంటుంటే నిద్ర పట్టక, అర్ధరాత్రి తీసి పక్కన పెట్టేసే పెద్దవాళ్లు చాలామంది. మిషన్ను పక్క గదిలో పెట్టి పొడవు ట్యూబ్‌తో తెచ్చుకోవచ్చు. 15 మీటర్లు దాటకూడదు. ట్యూబ్ గోడ వెంట పోవాలి, నడిచే దారికి అడ్డంగా ఉంటే తట్టుకుని పడతారు. ముసలితనంలో తుంటి విరగడం ఆయాసం కంటే పెద్ద కష్టం.

10 లీటర్ల మిషన్ కావాలా? రాసింది 1 నుంచి 3 లీటర్లయితే 5 లీటర్లది చాలు. పెద్దది కొంటే రెట్టింపు కరెంటు, ఎక్కువ వేడి, ఎక్కువ శబ్దం. నాలుగు లీటర్లు దాటి రాస్తేనే పెద్దదాని మాట. ఐదు కూడా చాలని మనిషిని ఇంట్లో పెట్టుకోవచ్చా అన్నదే డాక్టరుగారితో తేల్చుకోవాల్సిన విషయం.

భుజాన వేసుకునే మిషన్

చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ధర మాత్రం ఎక్కువ. వీటిలో చాలావరకు ఆక్సిజన్ను ధారగా ఇవ్వవు, ఊపిరి పీల్చినప్పుడల్లా ఒక్కో దఫా వదులుతాయి. మీట మీద 2 అని ఉంటే నిమిషానికి 2 లీటర్లని కాదు. నిద్రలో ఊపిరి తేలిపోతే మిషన్ కనిపెట్టలేకపోవచ్చు. కాబట్టి రాత్రికి ఇదొక్కటే నమ్ముకోకూడదు. బయట తిరిగే ఓపిక ఉన్నవాళ్లకు, ఉద్యోగం చేసేవాళ్లకు, తరచూ చెన్నై వెళ్లి చూపించుకునేవాళ్లకు పనికొస్తుంది. మంచం దిగి బాత్రూం వరకే నడిచే మనిషికి మాత్రం పొడవు ట్యూబ్ చాలు. కొనేటట్టయితే దాన్ని తగిలించుకుని నడిపించి, ఆ నడకలో సాచురేషన్ నిలబడుతోందో లేదో డాక్టరు దగ్గర చూసుకున్నాకే కొనండి.

ఎవరికి ఏది

నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి పట్టణాల్లో ఉండి రోజూ 15 గంటలు వాడాల్సినవాళ్లు: 5 లీటర్ల మిషన్, పక్కన నిండు బి టైప్ ఒకటి. రీఫిల్ షాపు ఊళ్లోనే ఉంది కాబట్టి ఇంతకు మించి అక్కర్లేదు.

ఉదయగిరి, సీతారామపురం, ఎర్రగొండపాలెం, గిద్దలూరు వైపు, సిలిండర్ నింపించాలంటే గంటల ప్రయాణం చేయాల్సినవాళ్లు: మిషన్, స్టెబిలైజర్, వీటితో పాటు డి టైప్ ఒకటి ఇంట్లో, బి టైప్ ఒకటి ఆసుపత్రి ప్రయాణానికి. డి టైప్ను బండిలో వేసుకుని దవాఖానాకు పోలేరు కదా. డబ్బు చాలక ఏదో ఒకటే కొనగలం అంటే మిషన్ను అద్దెకు తీసుకుని, సిలిండర్లకు డిపాజిట్ కట్టండి. మిషన్ కొనేసి బ్యాకప్ లేకుండా ఉండటం కంటే అది మేలు.

తీరం మండలాలవాళ్ల లెక్క వేరు. మనకు అసలు వానలు, తుఫాన్లు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద కూడా రాకపోకలు ఆగాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మన జిల్లాలను కుండపోతగా ముంచింది. అలాంటప్పుడు బి టైప్ ఇచ్చే పన్నెండు గంటలు ఏ మూలకూ చాలవు. అక్టోబరు మొదట్లో నిండు డి టైప్ తెచ్చి పెట్టుకుని, సంక్రాంతికి తిరిగి ఇచ్చేయడం నేను చెప్పే పద్ధతి. తుఫాను హెచ్చరిక వచ్చాక షాపుకు ఫోన్ చేస్తే దొరకదు. రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేసేదాకా ఆగకుండా, ముంపు భయం ఉన్న ఊరైతే మనిషినే రెండు రోజులు ముందుగా పట్టణంలో చుట్టాలింటికి చేర్చేయండి. కరెంటు ఫిర్యాదుకు 1912, అంబులెన్సుకు 108. రెండూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చి, రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష ఉన్నవాళ్లు ఏదీ కొనకండి. అద్దె మిషన్, అద్దె సిలిండర్ తీసుకోండి. నడిచినప్పుడు మాత్రమే సాచురేషన్ పడిపోయేవాళ్లకు, రోజుకు గంటో రెండు గంటలో అయితే, బి టైప్ ఒక్కటే చాలా రోజులు వస్తుంది, ట్రాలీ మీద పెట్టుకుని తిరగొచ్చు.

ఏది ఎంచుకున్నా తప్పని జాగ్రత్తలు

ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ అది నిండిన గుడ్డ, దుప్పటి, జుట్టు చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటాయి. మన ఇళ్లలో నిప్పు అంటే గ్యాస్ పొయ్యి ఒక్కటే కాదు. దేవుడి దీపం, అగరొత్తి, కర్పూర హారతి, సాంబ్రాణి, దోమల చక్రం, దీపావళి కాకరపువ్వొత్తులు, ఇంటికొచ్చిన చుట్టం బీడీ. వీటన్నిటికీ రోగి కనీసం పదడుగుల దూరంలో ఉండాలి. దేవుడి గది మంచం పక్కనే ఉంటే దీపం అక్కడ ఆపేసి, బ్యాటరీ దీపం పెట్టండి. పెద్దామె నొచ్చుకున్నా ఇది మొహమాటపడే సంగతి కాదు. ట్యూబ్ తీసేసి వెంటనే పొయ్యి దగ్గరికి పోకూడదు, బట్టల్లో చిక్కిన ఆక్సిజన్ పోవడానికి ఇరవై నిమిషాలైనా ఆగాలి. ట్యూబ్ తీసి ఆన్‌లో ఉండగానే పరుపు మీద పడేసి పోవడం అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు. పరుపు ఆక్సిజన్ పీల్చుకుంటూ ఉంటుంది.

ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి ఇంకా బీడీ మానకపోతే, ముఖం కాలిన కేసులు ఎక్కువగా అక్కడే. మానలేకపోతున్నారంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి.

ముక్కు ఎండిపోతోందని కొబ్బరినూనె, వాజిలిన్, జలుబు బామ్ రాయొద్దు. నూనె జిడ్డు, ఆక్సిజన్, నిప్పు మూడూ కలవకూడదు. ఎండితే నీటి ఆధారంగా చేసిన జెల్ అడగండి. అదే కారణంతో సిలిండర్ వాల్వ్‌కు, రెగ్యులేటర్‌కు నూనె గానీ గ్రీజు గానీ అంటకూడదు. బిగుసుకుపోయిందని నూనె చుక్క వేసే మన అలవాటు ఇక్కడ పేలుడుకు దారి తీస్తుంది. వాల్వ్ ఎప్పుడూ మెల్లగా తెరవాలి.

సిలిండర్ నిలబెట్టి గొలుసుతో గోడకో కిటికీ చువ్వకో కట్టాలి. పడితే వాల్వ్ విరిగి సిలిండరే దూసుకుపోతుంది. ఎండలో ఆపిన కారులో వదిలేయకండి. కారులో తీసుకెళ్లేటప్పుడు కదలకుండా కట్టి, అద్దాలు కొంచెం దించండి.

ఆక్సిజన్‌కు తేమ పట్టించే సీసాలో బోరు నీళ్లు పోయొద్దు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే, మిగతా చోట్ల కూడా ఉప్పు పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్, లేదంటే కాచి చల్లార్చిన ఆర్వో నీళ్లు. రోజూ మార్చాలి, సీసా కడిగి ఆరబెట్టాలి. తక్కువ ఫ్లో మీద ఉన్న చాలామందికి ఆ సీసా అవసరమే ఉండదు, అడిగి చూడండి. ముక్కు గొట్టాన్ని రెండు నుంచి నాలుగు వారాలకోసారి మార్చండి.

ఫ్లో పెంచడం

"ఇంకొంచెం పెంచరా, పాపం ఆయాసపడతా ఉండాడు." చూడవచ్చిన ప్రతి మనిషీ చెప్పే సలహా ఇదే. సీఓపీడీ రోగిలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ఎక్కువ ఆక్సిజన్ పెడితే వాళ్లలో కొందరికి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పొద్దున లేవగానే తలనొప్పి, పట్టపగలు మగత, తడబడే మాట, పిలిస్తే పలకకపోవడం దాని గుర్తులు. ఆ మగతను చూసి "హమ్మయ్య, నిద్రపోతున్నాడు" అనుకుంటారు. అందుకే సీఓపీడీ ఉన్నవాళ్లకు సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచమంటారు, 98 రావాలని పట్టుబట్టకూడదు. పలకల గనుల దుమ్ముతో గట్టిపడిన ఊపిరితిత్తులకు, న్యుమోనియాకు గమ్యం వేరుగా ఉండొచ్చు. ఆ కాగితం మీద రాయించుకోమన్న నాలుగో ముక్క ఇందుకే.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా పూర్తి నిజం చెప్పదు. గోరింటాకు, గోళ్ల రంగు, చల్లటి చేతులు, ఒణుకు, ఇవన్నీ అంకెను మారుస్తాయి. నల్లటి ఒంటి మీద ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించొచ్చు. చేతిని వెచ్చబెట్టి, నిమిషం ఆగి, అంకె నిలబడ్డాకే చదవండి. పెదాలు నీలంగా మారినా, మనిషి మగతలోకి జారినా, రాసిచ్చిన ఫ్లో మీదే అంకె గీత కిందికి పోయి తిరిగి రాకపోయినా 108కి ఫోన్ చేయండి. ఫ్లో పెంచాలో వద్దో వాళ్లనే అడగండి.

అద్దె, కొత్తది, 2021 నాటి పాతది

నెల అద్దెను పన్నెండుతో గుణించండి. అది కొత్త మిషన్ ధరకు దగ్గరగా వచ్చి, ఏడాది పైన వాడాల్సి ఉంటుందని డాక్టరు అంటే కొనండి. లేదంటే అద్దె. అద్దెలో ఇంకో లాభం, పాడైతే మార్చివ్వాల్సిన బాధ్యత వాళ్లది. ఎన్ని గంటల్లో మార్చిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

కరోనా రెండో వేవ్‌లో కొన్న మిషన్లు ఇప్పుడు అటక మీద చాలా ఇళ్లలో ఉన్నాయి. బంధువులు ఊరికే ఇస్తామంటారు, కాస్త తక్కువకు అమ్ముతామని కూడా అంటారు. ఆన్ చేస్తే తిరుగుతుంది, గాలి వస్తుంది, పనిచేస్తోందనే అనిపిస్తుంది. ఏళ్ల తరబడి వాడకుండా ఉంటే లోపలి జియోలైట్ తేమ పీల్చుకుని పాడైపోయి ఉండొచ్చు. అప్పుడు వచ్చేది దాదాపు మామూలు గాలే. సర్వీసు మనిషి దగ్గర ఆక్సిజన్ ఎనలైజర్ ఉంటుంది, మీకు రాసిన ఫ్లో మీద అరగంట నడిపించి స్వచ్ఛత చూపించమనండి. 90 దాటకపోతే ఉచితంగా ఇచ్చినా వద్దు. గుళికలు మార్పిస్తే ఎంతవుతుందో అడిగి, కొత్తదాని ధరతో పోల్చుకోండి.

కొత్తది కొనేటప్పుడు కూడా ఆ ఎనలైజర్ పరీక్ష చేయించుకోండి. స్వచ్ఛత తగ్గితే అలారం కొడుతుందా, కరెంటు పోతే కొడుతుందా అన్నది షాపులోనే ప్లగ్ పీకి చూడండి. వారంటీ గుళికలకు కూడా వర్తిస్తుందా, కంప్రెసర్‌కేనా? సర్వీసు మనిషి ఎక్కడి నుంచి వస్తాడు, నెల్లూరు నుంచా, విజయవాడ నుంచా, చెన్నై నుంచా? వచ్చేలోపు వాడుకోవడానికి వేరే మిషన్ ఇస్తారా? ఈ చివరిదానికి సూటిగా జవాబు చెప్పలేని షాపులో వెయ్యి రూపాయలు తక్కువైనా తీసుకోవద్దు.